కొండవీటి చాంతాడంత లింకును పొట్టి చేయడం ఎలా, ఏ సర్వీసుతో?

మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, అప్పుడప్పుడూ ఫ్లెక్సులు. ఒకప్పుడు కార్డులో ముహూర్తం తప్పు పడితేనే గుండె గుభేలుమనేది. ఇప్పుడు దానికి తోడు లింకు ఒకటి వచ్చి పడింది. కల్యాణ మండపానికి దారి, పెళ్లి లైవ్, వచ్చేవాళ్ల లెక్క కోసం గూగుల్ ఫారం, ఇలా ప్రతిదానికీ కార్డు అడుగున ఓ క్యూఆర్ కోడ్, దాని కింద ఓ లింకు.

రెండేళ్ల కిందట ఒక పెళ్లికి 600 కార్డులు వేశాం. క్యూఆర్ కోడ్ కోసం నేనే ఏదో సైటులోకి వెళ్లి, ఉచితం అని రాసి ఉంటే నమ్మి, లింకు తయారు చేశాను. ప్రూఫ్ ఇచ్చాం, వాళ్లు ఫోన్లో స్కాన్ చేసి చూసుకున్నారు, బ్రహ్మాండంగా తెరుచుకుంది. పెళ్లి ఇంకో మూడు వారాలుందనగా పెళ్లికొడుకు నాన్నగారు ఫోన్ చేశారు. "ఏవండీ, మీరేసిన గళ్ల బొమ్మని స్కాన్ చేస్తే మండపం రావట్లేదు, ప్లాన్ కొనమంటోంది. మా వియ్యంకుడు ఒకటే నవ్వు." చూస్తే 14 రోజుల ఉచిత గడువు అయిపోయింది. డబ్బు కడితే తప్ప లింకు పనిచేయదు. ఇంట్లో ఉన్న కార్డులకు స్టిక్కర్లు వేసి రాత్రి రెండింటిదాకా అంటించాం. అప్పటికే పంచేసిన సగం కార్డుల సంగతి ఆ వియ్యంకుడికే తెలియాలి.

ఆ రాత్రి తర్వాత లింకులు పొట్టి చేసే సర్వీసుల గురించి పట్టుబట్టి తెలుసుకున్నాను. రోజూ చేసే పనే కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో చేత్తో చేసి చూసినదే రాస్తున్నాను. మీరు ప్రెస్సువాళ్లు కానక్కర్లేదు. దుకాణం, ట్యూషన్, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, ఏది నడిపేవాళ్లయినా ఇదే వరసలో వెళ్లండి.

ముందు ఒక్క ప్రశ్న: ఈ లింకు ఎన్నాళ్లు బతకాలి?

సర్వీసుల పేర్లు, ధరలు, ఫీచర్లు అన్నీ ఈ ప్రశ్న తర్వాతే. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఎల్లుండికి మరిచిపోయే లింకు ఒక రకం. శుభలేఖ మీద వేసేది రెండు నెలలు బతకాలి. దుకాణం బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, స్కూలు పుస్తకం అట్ట మీద వేసేది ఏళ్ల తరబడి బతకాలి. మొదటి రకానికి ఏ సర్వీసైనా ఒకటే, ఎక్కువ ఆలోచించకండి. అచ్చులోకి వెళ్లే లింకుకే ఈ తంటా అంతా. స్క్రీన్ మీద తప్పు దిద్దుకోవచ్చు, కాగితం మీద కుదరదు.

ఎందుకంటే, పొట్టి లింకులో మాయేమీ లేదు. ఆ సర్వీసువాళ్ల దగ్గర ఓ పెద్ద పద్దుపుస్తకం ఉంటుంది. ఎడమ వైపు పొట్టి కోడు, కుడి వైపు మీరిచ్చిన అసలు అడ్రసు. ఎవరైనా పొట్టి లింకు నొక్కగానే అది పుస్తకంలో వెతికి "అదిగో, అక్కడికి వెళ్లు" అని పంపిస్తుంది. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు 26, పెద్దవి 26, అంకెలు 10 కలిపితే 62. ఆరు స్థానాల కోడుతో 5,680 కోట్ల లింకులు ఇవ్వొచ్చు. అందుకే అంత చిన్న తోకలో అంత పెద్ద అడ్రసు దాగుతుంది. అయితే ఆ పద్దుపుస్తకం మీది కాదు. వాళ్లు మూసేస్తే మీ లింకు పోతుంది, అసలు పేజీ నిక్షేపంగా ఉన్నా సరే.

పెద్ద కంపెనీ అయితే మూయదులే అనుకుంటారేమో. గూగుల్ సంగతే చూడండి. 2009 డిసెంబరులో గూ డాట్ జీఎల్ అని సొంత సర్వీసు పెట్టింది. 2018 మార్చిలో దీన్ని ఆపేస్తున్నామంది. 2019 మార్చి 30 నుంచి కొత్త లింకులు చేయడం ఆగిపోయింది, పాతవి మాత్రం నడుస్తాయంది. 2024 జూలైలో, 2025 ఆగస్టు 25 తర్వాత ఆ పాతవీ పనిచేయవని చెప్పింది. గోల పెరిగాక, గడువు ఇంకో మూడు వారాలుందనగా కాస్త మెత్తబడి, వాడకంలో ఉన్నవాటిని ఉంచి, ఎవరూ నొక్కనివి మాత్రం తీసేస్తామంది. అదే ఆగస్టు 25న, మొబైల్ యాప్‌ల కోసం నడిపిన ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్‌ని మాత్రం మొత్తంగా మూసేసింది. అంత గూగులే ఇలా నాలుగు మాటలు మార్చింది. 14 రోజుల సైటుని నమ్మిన నన్ను నేనే తిట్టుకోవాలి.

రెండోది: పొట్టి చేసే ముందు తోక కొయ్యండి

సగం లింకులకు అసలు ఏ సర్వీసూ అక్కర్లేదు. లింకులో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత వచ్చేదాంట్లో చాలా భాగం, మీరు ఎక్కడినుంచి వచ్చారో కనిపెట్టడానికి కంపెనీలు తగిలించుకున్న తోక. యూటీఎం అని మొదలయ్యే ముక్కలు, ఎఫ్‌బీక్లిడ్, జీక్లిడ్ లాంటివి కనిపిస్తే నిశ్చింతగా తీసేయండి. యూట్యూబ్ షేర్ బటన్ ఇచ్చే లింకు చివర ఎస్ఐ అనే ముక్క కూడా అలాంటిదే.

అమెజాన్ వస్తువు లింకు అయితే మరీ సులువు. మధ్యలో డీపీ అనే రెండక్షరాలు, వాటి వెనక పదక్షరాల కోడు ఉంటాయి. ఆ కోడు దాకా ఉంచి వెనకదంతా చెరిపేయండి. డీపీకి ముందు వచ్చే వస్తువు పేరు కూడా తీసేయొచ్చు, పేజీ తెరుచుకుంటుంది. ఐదు వరసల లింకు ఒక వరసకు వస్తుంది.

ఒక జాగ్రత్త. ప్రశ్నార్థకం కనబడగానే గొడ్డలి వేయకూడదు. యూట్యూబ్ పొడుగు లింకులో వీడియో కోడు ఆ ప్రశ్నార్థకం తర్వాతే ఉంటుంది, అది కోస్తే ప్రాణమే పోతుంది. కోసిన లింకుని ఓసారి కొత్త కిటికీలో తెరిచి చూసుకోండి.

తెలుగు పేజీల లింకులది ఇంకో బాధ. బ్రౌజరు పైన తెలుగులో చక్కగా కనిపించే అడ్రసు, కాపీ చేసి వాట్సాప్‌లో అతికించగానే శాతం గుర్తుల వరదవుతుంది. కారణం చెబుతాను. ఒక్కో తెలుగు అక్షరం కంప్యూటరుకు మూడు బైట్లు, ఒక్కో బైటు అడ్రసులో శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. అంటే అక్షరానికి తొమ్మిది. 'త' ఒక్కటే %ఈ0%బీ0%ఏ4 లాగా మారుతుంది. గుణింతాలు, ఒత్తులు వేరే లెక్క. 'తెలుగు' అనే మాట మనకు మూడక్షరాలు, కంప్యూటరుకు తల అక్షరాలు మూడు, గుణింతాలు మూడు, మొత్తం ఆరు, అంటే 54 గుర్తులు. తెలుగు వికీపీడియాలో ఆ పేజీ అడ్రసు మొత్తం 84 గుర్తులు. తెలుగు ఎస్సెమ్మెస్‌లో ఒక మెసేజీకి పట్టేది 70 గుర్తులే (ఇంగ్లిష్‌లో 160). లింకు ఒక్కటే ఒక మెసేజీని దాటిపోతోంది. తెలుగు పేజీలు పంచేవాళ్లకు పొట్టి లింకు సోకు కాదు, అవసరం.

మూడోది: అసలు సైటే పొట్టి లింకు ఇస్తుందేమో చూడండి

బయటి సర్వీసుకు వెళ్లే ముందు దీన్ని తప్పకుండా చూడాలి. చాలామంది చూడరు. గూగుల్ ఫారం చేసి, దాని లింకు కాపీ చేసుకునే చోట చూస్తే 'షార్టెన్ యూఆర్‌ఎల్' అని చిన్న టిక్ పెట్టె ఉంటుంది. టిక్ పెడితే ఫార్మ్స్ డాట్ జీఎల్ఈ అని మొదలయ్యే లింకు ఇస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో షేర్ నొక్కితే వచ్చేదీ పొట్టిదే. యూట్యూబ్‌కి యూటూ డాట్ బీ ఉంది. వికీపీడియా పేజీలకు డబ్ల్యూ డాట్ వికీ ఉంది. వికీమీడియా సంస్థ 2019లో పెట్టిన ఈ సర్వీసు తమ ప్రాజెక్టుల పేజీలను మాత్రమే పొట్టి చేస్తుంది, బయటివి తీసుకోదు. పైన చెప్పిన 84 గుర్తుల లింకు దీంతో ఇరవై లోపుకి వస్తుంది.

దుకాణాలవాళ్లకు నేను ఎక్కువగా చేసిచ్చేది వా డాట్ మీ లింకు. దాని తర్వాత ఏటవాలు గీత (/) పెట్టి, 91, వెంటనే మీ పదంకెల నంబరు. ప్లస్ గుర్తు వద్దు, ముందు సున్నా వద్దు, మధ్యలో ఖాళీలు వద్దు. నొక్కితే నేరుగా మీతో వాట్సాప్ చాట్ తెరుచుకుంటుంది. ఈ లింకు చేయడానికి ఏ సైటుకీ వెళ్లక్కర్లేదు, కీబోర్డు చాలు.

ఈ లింకుల్లో మేలేమిటంటే, పొట్టి లింకూ అసలు పేజీ ఒకరి చేతిలోనే ఉంటాయి. మధ్యలో మూడో మనిషి లేడు.

నాలుగోది: ఇప్పుడు సర్వీసు ఎంచుకోండి

పై మూడూ దాటి వచ్చారంటే మీకు నిజంగానే బయటి సర్వీసు కావాలి. ఊరికే వెతికితే వందొస్తాయి. నేను వాడేవి మూడు.

టైనీయూఆర్‌ఎల్ వీటిలో పాత కాపు. 2002 జనవరిలో కెవిన్ గిల్బర్ట్‌సన్ అనే అమెరికా వెబ్ డెవలపర్ మొదలుపెట్టాడు. న్యూస్‌గ్రూపుల్లో (అప్పటి ఇంటర్నెట్ చర్చా బృందాల్లో) ఉత్తరాల లింకులు మరీ పొడుగ్గా ఉండటం భరించలేక చేసుకున్న పని అది. ఖాతా లేకుండానే లింకు చేసుకోవచ్చు, చివరి ముక్కకు మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. ఇరవయ్యేళ్లకు పైగా నిలబడ్డదన్న ఒక్క కారణంతోనే, సొంత డొమైన్ (సొంత వెబ్ అడ్రసు పేరు) లేని కస్టమరుకి అచ్చులో వేయాల్సి వస్తే నేను దీనికే ఓటేస్తాను. లోపం: ఖాతా లేకుండా చేసిన లింకుకి గమ్యం మార్చుకోలేరు. లింకు చూపించే గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ పొరపాటున చెరిపేసి కొత్తది చేస్తే లింకూ కొత్తదే కావాలి.

బిట్‌లీ అందరికీ తెలిసిన పేరు. 2009లో ట్విటర్ టైనీయూఆర్‌ఎల్‌ని పక్కనబెట్టి దీన్ని తెచ్చుకోవడంతో ఎక్కడ చూసినా ఇదే అయింది. తర్వాత ట్విటర్ సొంతంగా టీ డాట్ కో పెట్టుకుందనుకోండి. ఎంతమంది నొక్కారు, ఏ దేశం నుంచి, ఏ రోజు అన్న లెక్కలు చూడటానికి బిట్‌లీ డాష్‌బోర్డు బాగుంటుంది. కంపెనీ ప్రచారానికి, డబ్బు కట్టి వాడేవాళ్లకు మంచిది. ఉచిత ఖాతాకి మాత్రం గింజుకున్నా పెద్దగా రాలదు: నెలకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని లింకులు, ఆ సంఖ్య కూడా రానురాను తగ్గుతూ వచ్చింది. చేసిన లింకు గమ్యాన్ని మార్చాలంటే డబ్బు కట్టిన ప్లాన్ ఉండాలి. ప్లాన్ పేజీ చూడకుండా దీంతో ఏదీ అచ్చు వేయకండి.

ఐఎస్ డాట్ జీడీ నాకు ఇష్టమైనది. సాదా పేజీ, ఒక పెట్టె, ఒక బటన్. ఖాతా లేదు, ప్రకటన లేదు. పేరు కూడా అతి చిన్నది, కాబట్టి లింకు నిజంగానే పొట్టిగా వస్తుంది. కోడు మన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు. దీని తమ్ముడు వీ డాట్ జీడీ ఉంది. అది నొక్కినవాళ్లను నేరుగా పంపదు, "మీరు వెళ్తున్నది ఫలానా చోటికి" అని ముందు చూపిస్తుంది. అనుమానపు మనుషులున్న కుటుంబ గ్రూపుకు పంపేటప్పుడు నేను దీన్నే వాడతాను. ఖాతా లేదు కాబట్టి ఒకసారి చేశాక వెనక్కి వెళ్లి దిద్దడానికి మీ చేతిలో తాళం ఉండదు.

మిగతావి, షార్ట్ డాట్ ఐఓ, రీబ్రాండ్లీ, డబ్ లాంటివి, సొంత డొమైన్ తగిలించుకునే వ్యాపారులకు. వాటి సంగతి కిందకి వస్తుంది. ఇవి కాక, నొక్కితే ఐదు సెకన్లు ప్రకటన చూపించి, అందులో మీకూ వాటా ఇస్తామనే సర్వీసులున్నాయి. వాటి జోలికి వెళ్లకండి. మీ పెళ్లికి రావాల్సిన మేనత్తగారు ఆ ప్రకటనల్లో ఏది నొక్కి ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు.

ఈ అడ్రసుల్లో చుక్క తర్వాత వచ్చే చివరి రెండక్షరాల గురించి ఒక ముచ్చట. ఎల్‌వై (బిట్‌లీ అడ్రసు చివరిది) లిబియా దేశానిది, జీడీ గ్రెనడాది, జీఎల్ గ్రీన్‌లాండ్‌ది. సొగసుగా ఉంటాయని సర్వీసులు వాటిని కొనుక్కుంటాయి, కానీ అక్కడి నియమాలకు లోబడి ఉండాలి. 2010లో లిబియా అధికారులు వీబీ డాట్ ఎల్‌వై అనే పొట్టి లింకుల సైటుని, అందులోని విషయాలు తమ చట్టానికి విరుద్ధమంటూ లాగేసుకున్నారు. దాంతో చేసిన లింకులన్నీ ఒక్కసారిగా గాలికి పోయాయి.

సర్వీసు ఏదైనా, ఈ మూడు చూసుకున్నాకే బటన్ నొక్కండి: లింకుకి గడువు తేదీ ఉందా, ఉచిత పరిమితి దాటితే పాత లింకులు ఆగుతాయా, నొక్కినవాళ్లకి మధ్యలో ప్రకటన పేజీ వస్తుందా. ఈ మధ్య ఉచిత లింకులకు మధ్యలో ఓ పేజీ అడ్డం పెట్టడం పెరిగింది. మీరు లాగిన్ అయి ఉన్న ఫోనులో కాకుండా, ఇంట్లో ఇంకెవరి ఫోనులోనైనా తెరిస్తే అది బయటపడుతుంది.

ఐదోది: తోకకు మంచి పేరు పెట్టండి

సర్వీసు దానంతట అది ఇచ్చే కోడులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు కలగాపులగంగా ఉంటాయి. చాలా సర్వీసుల్లో పెద్ద 'ఏ' వేరు, చిన్న 'ఏ' వేరు. ఫోనులో నొక్కేవాళ్లకి ఇబ్బంది లేదు. కాగితం చూసి టైపు చేసేవాళ్లకి నరకం. సున్నాకీ 'ఓ'కీ, ఒకటికీ చిన్న 'ఎల్'కీ, దానికీ పెద్ద 'ఐ'కీ తేడా మా ప్రూఫ్ రీడరుకే కనపడదు, ఇక కళ్లజోడు మరిచిపోయి వచ్చిన బాబాయిగారికి ఎలా కనబడుతుంది?

అందుకని అచ్చులోకి వెళ్లేదానికి కోడు మీరే పెట్టండి. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు వీలైనంత వద్దు, ఫోనులో నోటితో చెబితే అవతలివాళ్లు రాసుకోగలగాలి. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, వెనక పెళ్లి అనే మాట కలిపితే సరిపోతుంది. ఒట్టి 'పెళ్లి' అని పెట్టబోతే ఎవరో ఎప్పుడో తీసేసుకుని ఉంటారు. తెలుగు మాటని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒత్తులతో తగాదా వస్తుంది. 'లక్ష్మి'ని నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. అలాంటి పేరుంటే పక్కన పెట్టి ఇంటిపేరు వాడండి.

ఒక హెచ్చరిక: పొట్టి లింకు తాళం కాదు. 2016లో కార్నెల్ టెక్ పరిశోధకులు పొట్టి కోడులను కంప్యూటరుతో వరసగా ఊహించుకుంటూ పోయి, ఎవరెవరో మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఫైళ్లు, ఎవరెవరో వెతుక్కున్న మ్యాపు దారులు బయటికి తీయగలిగారు. తర్వాత గూగుల్ తన మ్యాప్ లింకుల కోడులను 11, 12 అక్షరాలకు పెంచింది. ఆధార్ కాపీ, మెడికల్ రిపోర్టు, పిల్లల ఫోటోల ఫోల్డరు, వీటిని "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని తెరిచిపెట్టి, పైన పొట్టి లింకు వేస్తే ఇంటి తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టే. అలాంటివి ఈమెయిల్ పేర్లు చేర్చి, వాళ్లకే తెరుచుకునేలా పంచండి.

ఆరోది: క్యూఆర్ వేస్తున్నారా? గళ్లు లెక్కపెట్టండి

ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మా వృత్తి కాబట్టి. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీ కార్ల విడిభాగాల మీద వేయడానికి చేసింది. దానిలో లింకు ఎంత పొడుగైతే అన్ని ఎక్కువ గళ్లు పుడతాయి. మధ్యరకం దిద్దుబాటుతో, అంటే కొంచెం మరక పడ్డా చదవగలిగేలా చేస్తే, 28 గుర్తుల టైనీయూఆర్‌ఎల్ లింకు 29 గళ్ల చదరంలో ఇముడుతుంది. అదే గూగుల్ ఫారం పొడుగు లింకు 110, 120 గుర్తులుంటే 45 గళ్లు కావాలి.

కార్డు మీద మనం ఇచ్చే జాగా ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు. 29 గళ్లయితే ఒక్కో గడి 0.86 మిల్లీమీటర్లు. 45 అయితే 0.56. మెరిసే ఆర్ట్ పేపరు మీద బాగానే వస్తుంది. కానీ శుభలేఖలకు వాడే గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద, అందులోనూ బంగారు రంగు సిరాతో వేస్తే, అర మిల్లీమీటరు గళ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఫోను పైకీ కిందకీ ఊపినా పట్టదు. "కెమెరా బాలేదేమో" అని వచ్చినవాళ్లు ఫోన్ని తిట్టుకుంటారు, తప్పు మాది. కాబట్టి క్యూఆర్‌కి వెళ్లే లింకు పొట్టిదే కావాలి, సిరా నల్లదే కావాలి, చుట్టూ నాలుగు గళ్ల మేర తెల్ల జాగా వదలాలి. బంగారు రంగు అడిగే కస్టమరుకు ముందు నేను నమూనా వేసి వాళ్ల ఫోనుతోనే స్కాన్ చేయిస్తాను. రెండోసారి అడగరు.

క్యూఆర్ బొమ్మ చేసే సైటులో 'డైనమిక్' అని కనబడితే ఆగండి. అంటే మీ లింకు కాదు, వాళ్ల పొట్టి లింకు ఆ బొమ్మలో కూర్చుంటుంది. నా 600 కార్డుల కథ అక్కడే మొదలైంది. 'స్టాటిక్' ఎంచుకోండి. అందులో మీరిచ్చిన లింకే ఉంటుంది, దానికి గడువుండదు. చేశాక స్కాన్ చేసి, తెరిచే ముందు తెర మీద కనిపించే అడ్రసు చదవండి. మీరిచ్చింది కాక వేరే పేరు కనిపిస్తే ఆ బొమ్మ పారేయండి.

ఏడోది: ప్రెస్సుకు పంపే ముందు పరీక్ష

రెండు ఫోన్లలో, ఒకటి వైఫైలో, ఒకటి మొబైల్ డేటాలో తెరవండి. ఒకదాంట్లో ఏ ఖాతాలోనూ లాగిన్ అయి ఉండకూడదు. డ్రైవ్ లింకులు మన ఫోనులో బాగా తెరుచుకుని, అవతలివాళ్లకు "అనుమతి అడగండి" అనడం నాకు వారానికోసారి తగిలే తలనొప్పి.

గమ్యం మార్చుకునే వీలున్న సర్వీసు వాడుతుంటే ఇంకొకటి తెలుసుకోండి. సర్వీసు బ్రౌజరుకు రెండు రకాలుగా చెప్పొచ్చు. 301 అంటే "ఇక మీదట ఇదే అడ్రసు", 302 అంటే "ప్రస్తుతానికి ఇక్కడ". 301 చెబితే బ్రౌజరు గుర్తుపెట్టేసుకుంటుంది. మీరు తర్వాత గమ్యం మార్చినా, ఒకసారి తెరిచిన ఫోను పాత చోటికే వెళ్లొచ్చు. "మార్చానండీ", "మారలేదండీ" అని ఇద్దరూ వాదించుకునేముందు కొత్త ఇన్‌కాగ్నిటో కిటికీలో చూడండి.

ఎస్సెమ్మెస్‌లో పంపేవాళ్లకు

కోచింగ్ సెంటర్లు, బట్టల షాపులు బల్క్ ఎస్సెమ్మెస్‌లు పంపుతుంటాయి కదా. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి, ముందుగా నమోదు చేయించని లింకులున్న మెసేజీలను టెలికం కంపెనీలు ఆపేస్తాయి. అంటే ఆ పూట చేసిన పొట్టి లింకుని ముందే నమోదు చేయించిన మెసేజీ నమూనాలో (డీఎల్‌టీ టెంప్లేట్) అతికిస్తే మెసేజీ వెళ్లదు. మీ ఎస్సెమ్మెస్ ఏజెంటుతో ముందే మాట్లాడి ఆ లింకుని అనుమతి జాబితాలో (వైట్‌లిస్ట్) చేర్పించండి, ఆ తర్వాతే ఆఫర్ తేదీ ప్రకటించండి.

మీకే ఎవరైనా పొట్టి లింకు పంపితే

గమ్యం కనబడకపోవడమే దీని గుణం, అదే దోషం. కరెంటు బిల్లు కట్టలేదని, చలానా పడిందని, పార్సిల్ ఆగిపోయిందని వచ్చే మోసపు మెసేజీల్లో పొట్టి లింకులు అందుకే ఎక్కువ. నొక్కకుండా లోపల చూసే దారులున్నాయి. బిట్‌లీ లింకు చివర ప్లస్ గుర్తు తగిలించి తెరవండి. ఐఎస్ డాట్ జీడీ లింకు చివర అడ్డగీత (-) పెట్టండి. టైనీయూఆర్‌ఎల్ అడ్రసు ముందు ప్రివ్యూ అని రాసి చుక్క పెట్టండి. అసలు అడ్రసు చూపిస్తాయి. పొరపాటున నొక్కి డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ లింకునీ జనం ఇలాగే అనుమానిస్తారని గుర్తుంచుకోండి. కార్డు మీద లింకు పైన "మండపానికి దారి" అని తెలుగులో రెండు మాటలు రాస్తే నమ్మకంగా నొక్కుతారు.

ఏళ్ల తరబడి బతకాలంటే: సొంత డొమైన్

బోర్డు మీద, పుస్తకం మీద, ప్యాకింగ్ మీద వేసే లింకుకి నాకు తెలిసిన మంచి దారి ఇదొక్కటే. డాట్ ఇన్ పేరు ఏడాదికి కొన్ని వందల రూపాయలకు వస్తుంది. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది నుంచి పెంచుతారు, కొనేటప్పుడు రెన్యువల్ ధర చూసుకోండి. తెలుగులోనే డాట్ భారత్ పేరు కూడా కొనుక్కోవచ్చు, చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే లోపల అది ఎక్స్ఎన్ అని మొదలయ్యే ఇంగ్లిష్ గుర్తుల వరసగా మారుతుంది, కొన్ని యాప్‌లు అలాగే చూపిస్తాయి. పొట్టి లింకు కోసం అయితే డాట్ ఇన్ చాలు.

డొమైన్ ఉన్నాక పద్దుపుస్తకం మీ దగ్గరే ఉంటుంది. మీ వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంటే రీడైరెక్ట్ ప్లగిన్ ఒకటి వేసుకుని, మీ సైటు పేరు, ఏటవాలు గీత, 'మెనూ' అని ఇచ్చి అసలు చోటికి మళ్లించండి. కొంచెం కంప్యూటర్ తెలిసిన మనిషి దగ్గరుంటే యువర్ల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న మామూలు హోస్టింగ్ మీద నడుస్తుంది, నొక్కిన లెక్కలు కూడా చూపిస్తుంది. ఇవేవీ చేతకాకపోతే షార్ట్ డాట్ ఐఓ లాంటిదానికి మీ డొమైన్ తగిలించండి. రేపు ఆ సర్వీసు మూసేసినా, ధర పెంచినా, డొమైన్‌ని ఇంకోదానికి తిప్పుకుని అవే లింకులు మళ్లీ పెట్టుకోవచ్చు. బోర్డు మీద అచ్చయిన అడ్రసు మారదు.

ఆ 'అవే లింకులు' గుర్తుండాలంటే ఓ చోట రాసి ఉండాలి. మా ప్రెస్సులో ఆర్డర్ బుక్కులో ఇంకో మూడు గీతలు గీశాం: పొట్టి లింకు, అసలు అడ్రసు, ఎవరి ఈమెయిలుతో చేశాం. ఎక్సెల్‌లో చేసినా సరే. మూడో గీత మరిచిపోకండి. మా పక్క వీధిలో ఒక స్వీటు షాపాయన డబ్బాల మీద చక్కటి సొంత లింకు వేయించుకున్నాడు. డొమైన్ మాత్రం వెబ్‌సైటు చేసిన కుర్రాడి ఖాతాలో, కుర్రాడి ఫోను నంబరు మీద ఉంది. కుర్రాడు బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు, నంబరూ మార్చేశాడు. రెన్యువల్ చేయమని వచ్చిన మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి. డబ్బాలు ఇంకా నాలుగు వేలున్నాయి. మొన్న వచ్చి, "స్టిక్కరుకి ఎంతవుతుందండీ?" అని అడిగాడు.